నోరా చేసిన సంతకం



ఈ ఉపన్యాసం ఏ అధ్యాపకురాలి పేరున జరుగుతున్నదో, ఆవిడ నాటకం చెప్పే పద్ధతి ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. పాత్రల స్వభావం సంగతి తర్వాత చూద్దాం, ముందు వేదిక మీద ఏ వస్తువులున్నాయో చూడండి అనేవారు. ఆ వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లింది? దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది? దానికి డబ్బు ఎవరిచ్చారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే నాటకం సగం అర్థమైనట్టేనని ఆవిడ నమ్మకం. ఈ సాయంత్రం నేను ఆ పద్ధతిలోనే నడవదలచుకున్నాను. అంతకు మించిన నివాళి నాకు తోచలేదు.

నాకిచ్చిన విషయం పందొమ్మిదో శతాబ్దపు వాస్తవిక నాటకంలో స్త్రీ స్వాతంత్ర్యం, వివాహం. ఈ మాట వినగానే ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది నార్వే నాటకకర్త హెన్రిక్ ఇబ్సెన్ 1879లో రాసిన 'ఎ డాల్స్ హౌస్'. అందులో నోరా అనే ఇల్లాలు భర్తనూ ముగ్గురు పిల్లలనూ వదిలి, రాత్రివేళ వీధి తలుపు వేసి వెళ్లిపోతుంది. ప్రపంచమంతా ఆ తలుపు చప్పుడు గురించి నేటికీ మాట్లాడుకుంటూనే ఉంది. ఆ చప్పుడుకు ఏళ్ల ముందే నోరా ఒక కాగితం మీద సంతకం చేసింది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకున్నాం. స్త్రీ స్వాతంత్ర్యమన్న ప్రశ్నను వాస్తవిక నాటకం ప్రేమ దగ్గర మొదలుపెట్టలేదు. డబ్బు దగ్గర, అప్పు పత్రం దగ్గర, ఎవరి సంతకానికి విలువ ఉందన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టింది. ఆ మొదలుపెట్టిన చోటే దాని బలం. నేను మీ ముందుంచే వాదం ఇదొక్కటే.

ప్రోనోటు, ఉత్తరాల పెట్టె

తెర లేచేసరికి క్రిస్మస్ ముందురోజు. నోరా బజారు నుంచి పొట్లాలతో వస్తుంది. క్రిస్మస్ చెట్టు మోసుకొచ్చిన మనిషికి కూలి యాభై ఓర్లయితే ఒక క్రౌను ఇచ్చి, చిల్లర ఉంచుకోమంటుంది. జేబులోంచి మాకరూన్లు తీసి రెండు నోట్లో వేసుకుంటుంది. భర్త టొర్వాల్డ్ హెల్మర్‌కు అవి తినడం ఇష్టం లేదు కాబట్టి అతన్ని పిలిచేముందు మూతి తుడుచుకుంటుంది. భర్త వచ్చి, ఎంత ఖర్చు పెట్టావని అడుగుతాడు, దుబారా మనిషివని ముద్దుగా మందలిస్తాడు, పక్షి పేర్లు పెట్టి పిలుస్తాడు. పండక్కి ఏం కావాలంటే, డబ్బే ఇవ్వమంటుంది నోరా. బంగారు రంగు కాగితంలో చుట్టి చెట్టుకు వేలాడదీస్తానంటుంది. మొదటి పది నిమిషాల్లో ప్రేక్షకుడికి కనిపించేదల్లా చిన్నపిల్ల లాంటి ఒక భార్య, ముచ్చటైన ఒక సంసారం.

ఆ తర్వాత ఆమె పాత స్నేహితురాలు క్రిస్టీన్ లిండే వస్తుంది. ఆమెతో మాటల్లో అసలు సంగతి బయటపడుతుంది. పెళ్లైన మొదటి ఏడాది టొర్వాల్డ్ రాత్రింబవళ్లు పనిచేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. దక్షిణ దేశానికి తీసుకువెళ్లకపోతే బతకడని డాక్టర్లు నోరాకు మాత్రమే చెప్పారు. అప్పు చేయడమంటే టొర్వాల్డ్‌కు గిట్టదు. నోరా తానే 1200 స్పెషీడాలర్లు, అంటే 4800 క్రౌన్లు అప్పు తెచ్చి, నాన్న ఇచ్చాడని చెప్పి, భర్తను ఇటలీకి తీసుకువెళ్లి బతికించుకుంది. అప్పటి నుంచి ఎవరికీ తెలియకుండా వడ్డీ, వాయిదా కట్టుకుంటూ వస్తోంది. బట్టలకని ఇచ్చిన డబ్బులో సగం మిగిల్చేది. కిందటి శీతకాలం గది తలుపు వేసుకుని రాత్రుళ్లు కాగితాలకు నకళ్లు రాసి డబ్బు సంపాదించింది. ఒళ్లు అలిసిపోయినా, అలా కూర్చుని పనిచేసి సంపాదిస్తుంటే తాను మగవాడినన్నట్టు అనిపించేదని స్నేహితురాలితో చెప్పుకుంటుంది. నా దృష్టిలో నాటకం మొత్తంలో అతి ముఖ్యమైన మాటల్లో ఇదొకటి. నోరా తన ఇంట్లో తొలిసారి మనిషిగా బతికింది మూడో అంకంలో కాదు. ఆ శీతకాలపు రాత్రుల్లో, ఆ నకళ్లు రాసిన బల్ల దగ్గర.

భర్త అనుమతి లేకుండా భార్య అప్పు చేయడానికి వీల్లేదని క్రిస్టీన్ అక్కడే గుర్తుచేస్తుంది. అప్పిచ్చిన క్రోగ్‌స్టాడ్‌కు నోరా సంతకం ఒక్కటీ చాల్లేదు, పూచీగా ఆమె తండ్రి సంతకం కావలసి వచ్చింది. పత్రంలో తండ్రి సంతకం కింద తేదీ ఖాళీగా వదిలి, ఆయనే వేసుకోవాలని చెప్పి, నోరా చేతికిచ్చాడు. తండ్రి మంచాన పడి ఉన్నాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి, అల్లుడి ప్రాణం కూడా పోయేలా ఉందని చెప్పి సంతకం ఎలా పెట్టించుకోవడం? ఆ పేరు నోరాయే రాసేసింది, తేదీ కూడా వేసింది. తండ్రి చనిపోయింది సెప్టెంబరు 29న. సంతకం కింద ఉన్న తేదీ అక్టోబరు 2. చనిపోయిన మూడు రోజులకు చేసిన సంతకమన్నమాట.

ఈ మూడు రోజుల తేడా మీద ఇబ్సెన్ నాటకం కట్టాడు. అంతకు ముందు యూరప్ రంగస్థలం మీద స్త్రీ చేసే తప్పంటే దాదాపు ఎప్పుడూ శీలానికి సంబంధించిందే. ప్రియుడు, రహస్య ప్రేమలేఖ, అక్రమ సంతానం. నోరా రహస్యం కూడా ఉత్తరమే, కానీ ఆ ఉత్తరం ఒక అప్పు సంగతి. ఆమెకు ప్రియుడు లేడు. ఆమె నేరం భర్తను బతికించుకోవడానికి డబ్బు తేవడం, దానికోసం చట్టం గుర్తించే మగవాడి పేరు వాడుకోవడం. చావబోతున్న తండ్రికి బాధ తప్పించడం, భర్త ప్రాణం కాపాడడం తప్పెలా అవుతుందని ఆమె క్రోగ్‌స్టాడ్‌ను నిలదీస్తుంది. చట్టం ఉద్దేశాలు చూడదంటాడు అతను. ఆ మాట అనే హక్కు అతనికుంది. అలాంటి దొంగసంతకం కేసులోనే అతని పరువు పోయింది.

ఇక ఉత్తరాల పెట్టె. ఆ ఇంటి వీధి తలుపుకు ఒక పెట్టె ఉంది, ముందువైపు అద్దం. లోపల ఉత్తరం పడితే కనపడుతుంది. తాళంచెవి మాత్రం టొర్వాల్డ్ దగ్గరే. క్రోగ్‌స్టాడ్ మొత్తం సంగతి రాసిన ఉత్తరం అందులో పడుతుంది, నోరాకు అద్దంలోంచి కనపడుతూనే ఉంటుంది, తీయలేదు. మూడో అంకంలో టొర్వాల్డ్ పెట్టె తెరవబోతే తాళంలో తలపిన్ను ముక్క ఇరుక్కుని ఉంటుంది. అది నోరా పిన్నే. పిల్లలు చేసుంటారంటుంది. ఎనిమిదేళ్లుగా తానే దిద్దుకుంటున్న ఇంట్లో, తన బతుకును తేల్చే ఉత్తరం కళ్లముందుండగా, ఒక స్త్రీ తలపిన్నుతో తాళం కెలుకుతోంది. ఆ విరిగిన పిన్ను చాలు, వివాహ వ్యవస్థ మీద ఎన్ని వ్యాసాలు రాసినా చెప్పలేనిది చెప్పడానికి. ఆ ఉత్తరం చదవకుండా భర్తను కాసేపైనా ఆపాలనే రెండో అంకంలో ఆమె ఒళ్లు మరిచి టరంటెల్లా నాట్యం చేసింది.

అసలు నోరా

ఈ కథ ఇబ్సెన్ ఊహించి రాసింది కాదు. దీని వెనక లారా కీలర్ అనే రచయిత్రి ఉంది. ఇబ్సెన్ పద్యనాటకం 'బ్రాండ్'కు కొనసాగింపుగా 1869లో 'బ్రాండ్ కుమార్తెలు' అనే పుస్తకం రాసిన యువతి ఆమె. అలా ఇబ్సెన్ కుటుంబంతో స్నేహం కలిసింది. ఇబ్సెన్ ఆమెను లార్క్ పిట్ట అని ముద్దుగా పిలిచేవాడు. ఆమె భర్త విక్టర్‌కు క్షయ. ఇటలీ వెళ్తే గాని కోలుకోడన్నారు. లారా రహస్యంగా అప్పు చేసి తీసుకువెళ్లింది, భర్త బతికాడు, అప్పు మిగిలింది. తీర్చడానికి ఒక పుస్తకం రాసి, ప్రచురణకర్తకు సిఫారసు చేయమని 1878లో ఇబ్సెన్ కుటుంబానికి పంపింది. పుస్తకం బాగులేదని ఆయన సిఫారసుకు ఒప్పుకోలేదు, ఏదైనా కష్టముంటే భర్తతో చెప్పుకోమని సలహా ఇచ్చాడు. దిక్కుతోచక ఆమె దొంగసంతకానికి దిగింది. అది బయటపడ్డాక భర్త ఆమెను తల్లిగా పనికిరానిదన్నాడు, విడాకులు కోరాడు, పిల్లలను దూరం చేశాడు. ఆమెను పిచ్చాసుపత్రిలో చేర్చారు. కొంతకాలానికి భర్త రమ్మంటే, పిల్లల కోసం మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది.

ఈ రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నాటకంలో నోరా తనంతట తాను వెళ్లింది. జీవితంలో లారాను వెళ్లగొట్టారు, బంధించారు, ఆపైన తిరిగి పిలిచారు. నోరాకు దక్కిన ఆఖరి మాట లారాకు దక్కలేదు. పైగా బతికినంత కాలం ఆమెను జనం 'నోరా' అనే గుర్తించారు, దానికి ఆమె చాలా బాధపడింది. అయినా రాయడం మానలేదు. ఇబ్సెన్‌ను గౌరవించే నాలాంటివాళ్లం ఆ ఋణాన్ని కూడా ఒప్పుకోవాలి. ఆయన ఆమె చేతిరాతను తిప్పి పంపాడు, ఆమె జీవితాన్ని మాత్రం తీసుకున్నాడు. తీసుకుని, ఆమెకు లోకం ఇవ్వని న్యాయాన్ని నాటకంలో ఇచ్చాడు. ఈ రెండూ నిజాలే. ఒకదాని కోసం రెండోదాన్ని దాచనక్కర్లేదు.

అప్పటికి ఇబ్సెన్ రోములో ఉన్నాడు. 1878 అక్టోబరులో రాసుకున్న నోట్సులో, స్త్రీకొక నీతి, పురుషుడికొక నీతి ఉన్నాయని, సమాజం మాత్రం స్త్రీని పురుషుడి చట్టంతోనే కొలుస్తున్నదని తన నాటకం మూలసూత్రాన్ని పెట్టుకున్నాడు. మరుసటేడు మొదట్లో రోములోని స్కాండినేవియన్ క్లబ్బులో రెండు ప్రతిపాదనలు పెట్టాడు. లైబ్రేరియన్ ఉద్యోగం స్త్రీకివ్వాలన్నది నెగ్గింది. స్త్రీ సభ్యులకు ఓటు ఉండాలన్నది ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. ఆ కోపం చల్లారకముందే అమాల్ఫీ సముద్రతీరంలో కూర్చుని 'ఎ డాల్స్ హౌస్' పూర్తి చేశాడు. 1879 డిసెంబరు 4న కోపెన్‌హాగన్‌లో పుస్తకం వెలువడింది. మొదటి ముద్రణ 8000 ప్రతులు నెల తిరక్కుండా అయిపోయాయి. డిసెంబరు 21న అక్కడి రాయల్ థియేటర్‌లో బెట్టీ హెన్నింగ్స్ నోరాగా తొలి ప్రదర్శన జరిగింది.

బల్లకు అటూ ఇటూ

మూడో అంకంలో టొర్వాల్డ్ ఉత్తరం చదువుతాడు. నోరా ఎన్నాళ్లుగానో ఒక అద్భుతం కోసం ఎదురుచూస్తోంది. సంగతి తెలిసిన మరుక్షణం భర్త ముందుకొచ్చి, నేరం నాదని నెత్తిన వేసుకుంటాడని ఆమె నమ్మకం. అలా జరగనివ్వకుండా ప్రాణం తీసుకుందామని కూడా అనుకుంది. జరిగింది వేరు. అబద్ధాలకోరువి, నేరస్తురాలివి అంటాడు. పిల్లల పెంపకం నీ చేతికివ్వనంటాడు. లోకం దృష్టికి మాత్రం ఈ ఇంట్లోనే ఉండాలంటాడు. అంతలో ఇంకో ఉత్తరం వస్తుంది. క్రోగ్‌స్టాడ్ మనసు మార్చుకుని అప్పు పత్రాన్ని తిప్పి పంపేశాడు. అది చూడగానే టొర్వాల్డ్ నోటి వెంట వచ్చే మొదటి మాట, తాను బతికిపోయానని. మరి నేనో అని నోరా అడిగితే, నువ్వు కూడా అంటాడు. పత్రాన్ని చింపి పొయ్యిలో వేస్తాడు. నిన్ను క్షమించానంటాడు. భార్యను క్షమించిన మగవాడికి ఆమె భార్యే కాక బిడ్డ కూడా అవుతుందని మురిసిపోతాడు.

టొర్వాల్డ్ దుర్మార్గుడు కాడు. కష్టపడి పైకొచ్చాడు, భార్యను కొట్టడు, పరాయి స్త్రీ ఊసు లేదు. ఆ ఊళ్లో ఏ పెళ్లికూతురి తండ్రిని అడిగినా మంచి సంబంధమనే అంటారు. దుర్మార్గుడైన భర్తను వదిలి వెళ్తే ప్రేక్షకులు చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లి నిద్రపోయేవారు. మంచివాడైన భర్తను వదిలిందే అన్నదే వాళ్లకు నిద్రపట్టనివ్వలేదు. లోపం మనిషిలో లేదు, మనిషికి ఆ స్థానమిచ్చిన ఏర్పాటులో ఉంది అని చెప్పడానికి టొర్వాల్డ్ మంచివాడై తీరాలి.

ఆ తర్వాత నోరా నాట్యపు దుస్తులు మార్చుకుని వస్తుంది. భర్తను బల్లకు అవతల కూర్చోమంటుంది. పెళ్లైన ఎనిమిదేళ్లలో మనమిద్దరం ఒక్కసారైనా గంభీరంగా మాట్లాడుకున్నామా అని అడుగుతుంది. అప్పటిదాకా నాటకాల ముగింపులో కన్నీళ్లు, కత్తులు, కౌగిలింతలు ఉండేవి. ఇక్కడ భార్యాభర్తలు కూర్చుని లెక్క చూసుకుంటున్నారు. తండ్రి చేతిలోంచి భర్త చేతికి మారానని, ఇద్దరి చేతుల్లోనూ ఆటబొమ్మనేనని అంటుంది. భార్యగా, తల్లిగా నీ ధర్మం ఏమిటని అతను అడిగితే, నా పట్ల నాకూ ధర్మముందంటుంది. ఏ మగవాడూ ప్రేమించిన మనిషి కోసం పరువు వదులుకోడని అతనంటే, లక్షలాది ఆడవాళ్లు వదులుకున్నారని జవాబు చెబుతుంది.

ఇప్పుడు ఆమె ఎలా వెళ్లిందో చూడండి. ఉంగరం తిరిగి ఇచ్చేస్తుంది, అతని ఉంగరం అడిగి తీసుకుంటుంది. ఇంటి తాళాలు అక్కడే పెడుతుంది. తన వస్తువులు మాత్రమే తీసుకుంటుంది. అవసరమైతే డబ్బు పంపుతానంటాడు, పరాయివాళ్ల దగ్గర తీసుకోనంటుంది. ఆ రాత్రికి క్రిస్టీన్ ఇంటికి, తెల్లారి తన పుట్టిన ఊరికి వెళ్తానంటుంది. ఎందుకని? అక్కడైతే ఏదైనా పని దొరకడం సులువని. వెళ్లిపోతున్న నోరా ఆవేశంలో లేదు. పని గురించి ఆలోచిస్తోంది. ప్రోనోటుతో మొదలైన నాటకం ఉద్యోగపు వెతుకులాటతో ముగిసింది.

క్రిస్టీన్, ఆన్ మరియ

నోరా వెలుగులో పడి మనకు కనిపించకుండా పోయే ఇద్దరు స్త్రీలు ఈ నాటకంలో ఉన్నారు. క్రిస్టీన్ తల్లినీ ఇద్దరు తమ్ముళ్లనూ పోషించడానికి ప్రేమించినవాణ్ని కాదని డబ్బున్నవాణ్ని చేసుకుంది. అతను పోయాక డబ్బూ మిగల్లేదు. చిన్న కొట్టు నడిపింది, చిన్న బడి నడిపింది, ఇప్పుడు బ్యాంకులో ఉద్యోగం కోసం వచ్చింది. ఆమెకు స్వాతంత్ర్యం ఉంది, ఆ స్వాతంత్ర్యంలో ఎవరూ లేని ఖాళీ కూడా ఉంది. పాత ప్రేమికుడైన క్రోగ్‌స్టాడ్‌ను తానే అడిగి అతనితో జీవితం మొదలుపెడుతుంది. నోరా పెళ్లిలోంచి బయటికి వెళ్లే రాత్రే క్రిస్టీన్ పెళ్లిలోకి వెళుతోంది. కష్టసుఖాలు, తప్పొప్పులు అన్నీ ఒకరికొకరు చెప్పుకుని చేసుకునే పెళ్లి అది. వివాహాన్నే ఇబ్సెన్ కొట్టేశాడనేవాళ్లు ఈ దృశ్యం మళ్లీ చదవాలి.

ఆన్ మరియ ఆయా. పెళ్లికాకుండా తల్లై, తన బిడ్డను పరాయివాళ్లకు వదిలి, తల్లిలేని నోరాను పెంచడానికి ఆ ఇంటికి వచ్చింది. బిడ్డను వదలడానికి మనసెలా ఒప్పిందని నోరా అడిగితే, బీదదాన్ని, మంచి చోటు దొరికింది, ఇంకేం చేయనని అంటుంది. నోరా పిల్లలను వదిలి వెళ్లిందని ప్రపంచం గగ్గోలు పెట్టింది. పూట గడవక బిడ్డను వదిలిన ఆన్ మరియ గురించి ఎవరూ గొంతెత్తలేదు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఇతరుల పిల్లలను పెంచడానికి తమ పిల్లలను ఊళ్లో వదిలి వచ్చే స్త్రీల గురించి మనమూ గొంతెత్తం. ఇబ్సెన్ ఆమెకిచ్చినవి నాలుగు మాటలే. కానీ ఆ మాటలను నోరా చేత అడిగించి చెప్పించాడు. తాను వెళ్తే పిల్లలకు ఈమె ఉంటుందన్న ధైర్యం నోరాకు అక్కడే వచ్చింది.

చట్టం ఎక్కడుంది

ఈ కథ జరిగిన కాలంలో నార్వేలో వివాహిత చట్టం దృష్టిలో మేజరు కాదు. పెళ్లికాని స్త్రీకి అప్పటికే కొన్ని హక్కులొచ్చాయి. 1854లో కొడుకులతో సమానంగా వారసత్వం వచ్చింది. పెళ్లి చేసుకోగానే మాత్రం ఆమె వ్యవహారమంతా భర్తదయ్యేది. అంటే నోరా పెళ్లి చేసుకుని చట్టం కళ్లకు మళ్లీ చిన్నపిల్ల అయింది. టొర్వాల్డ్ ఆమెను చిన్నపిల్లగా చూడడం అతని సొంత అలవాటే కాదు, దేశపు శాసనం కూడా.

1884లో వివాహిత ఆస్తిహక్కు కోరుతూ నార్వే పార్లమెంటుకు వెళ్లిన విజ్ఞప్తి మీద ఇబ్సెన్, బ్యోర్న్‌సన్, యోనాస్ లీ, కీలాండ్ అనే నలుగురు రచయితలూ సంతకాలు చేశారు. అదే ఏడాది నార్వే స్త్రీల హక్కుల సంఘం పుట్టింది. 1888లో వివాహితను మేజరుగా గుర్తించి, ఆమె సంపాదన మీద ఆమెకే అధికారమిస్తూ చట్టం వచ్చింది. ఉమ్మడి ఆస్తి నిర్వహణ మాత్రం ఇంకా చాలాకాలం భర్త చేతిలోనే ఉంది. ఇంగ్లండులో అలాంటి చట్టం 1882లో వచ్చింది. ఒక నాటకం చట్టాన్ని మార్చిందని నేననను. ఆ పని సంఘాలు పెట్టి, సంతకాలు సేకరించి, ఏళ్ల తరబడి తిరిగిన స్త్రీలది. చట్టంలో ఒక వాక్యంగా ఉన్నదాన్ని ఒక ఇంట్లో, ఒక స్త్రీ గుండెలో ఎలా ఉంటుందో చూపించింది నాటకం. 1898లో హక్కుల సంఘం ఇబ్సెన్‌ను సన్మానించినప్పుడు, తాను స్త్రీల హక్కుల కోసమని పూనుకుని రాయలేదని, మనుషుల గురించి రాశానని ఆయన అన్నాడు. కొందరు దాన్ని వెనకడుగు అనుకుంటారు. నాకది ముందడుగుగానే కనపడుతుంది. స్త్రీ సమస్యను మానవ సమస్యల లెక్కలో వేయడమే గదా అప్పటి మగవాళ్లు చేయనిది.

ముగింపు మార్చమన్న లోకం

జర్మనీలో నోరా వేయవలసిన పేరున్న నటి హెడ్విగ్ నీమన్-రాబె, నేనైతే పిల్లలను వదిలి వెళ్లను కాబట్టి ఆ ముగింపు ఆడనంది. అప్పటి కాపీహక్కుల పరిస్థితిలో ఎవరైనా ఏదైనా మార్చి ఆడుకోవచ్చు. వేరేవాళ్లు పాడుచేసే కంటే తానే చేయడం నయమని ఇబ్సెన్ వేరే ముగింపు రాసిచ్చాడు. అందులో టొర్వాల్డ్ నోరాను నిద్రపోతున్న పిల్లల గది గుమ్మం దగ్గరికి తీసుకువెళ్తాడు, ఆమె కుప్పకూలుతుంది, వెళ్లలేకపోతుంది. 1880లో అలా ఆడారు. ఆ ముగింపును నాటకం మీద జరిగిన అనాగరిక దౌర్జన్యమని ఇబ్సెనే అన్నాడు. అది నిలవలేదు.

వెళ్లకుండా ఉండిపోతే ఏమవుతుందో ఆయన 1881లో 'గోస్ట్స్'లో చూపించాడు. అందులో మిసెస్ ఆల్వింగ్ పెళ్లైన ఏడాదికే భర్తను వదిలి వెళ్లింది. పాస్టర్ మాండర్స్ ధర్మం బోధించి వెనక్కి పంపాడు. ఆమె ఉండిపోయింది, భర్త నీచత్వాన్ని లోకానికి తెలియకుండా కప్పిపుచ్చింది, ఎస్టేటు తానే నడిపింది. ఫలితం కొడుకు ఒంట్లో రోగమై తేలింది. 1888లో 'ది లేడీ ఫ్రమ్ ది సీ' రాశాడు. అందులో డాక్టర్ వాంగెల్ భార్య ఎల్లీడాను బలవంతంగా ఆపడం మాని, నీ ఇష్టం, నీ బాధ్యత అని విడిచిపెడతాడు. ఎంచుకునే స్వేచ్ఛ దొరికాక ఆమె ఉండిపోవడానికే నిర్ణయించుకుంటుంది. నోరా వెళ్లడం, ఎల్లీడా ఉండడం ఒకే సూత్రానికి రెండు ఉదాహరణలు. వెళ్లగలిగే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఉండడానికి విలువ. 1890 నాటి 'హెడ్డా గాబ్లర్'లో సైన్యాధికారి కూతురు హెడ్డాకు తెలివుంది, తెగువ ఉంది, చేయడానికి పని లేదు. చివరికి తండ్రి పిస్తోలే ఆమెకు దిక్కయింది.

ఎదురుదెబ్బలూ తగిలాయి. స్వీడన్‌లో స్ట్రింద్‌బెర్గ్ 1884లో వేసిన వివాహ కథల సంపుటిలో ఇబ్సెన్ నాటకం పేరుతోనే ఒక కథ రాసి ఎదురు వాదం చేశాడు. అదే ధోరణిలో 1887లో 'ది ఫాదర్' నాటకం రాశాడు. రష్యాలోనైతే 'ఎ డాల్స్ హౌస్'కు ఇరవై ఏళ్ల ముందే, 1859లో, ఆస్త్రోవ్‌స్కీ 'ది స్టార్మ్'లో అత్తగారి పెత్తనం కింద నలిగి వోల్గాలో దూకిన కాతెరీనాను నిలబెట్టాడు. ఆమెకు తెలిసిన దారి నది ఒక్కటే. ఇరవై ఏళ్ల తర్వాత నోరాకు కనిపించింది రోడ్డు.

లండన్‌లో 1886 జనవరిలో కార్ల్ మార్క్స్ కూతురు ఎలినార్ తన ఇంట్లో ఈ నాటకాన్ని కలిసి చదివించింది. నోరా ఆమే, క్రోగ్‌స్టాడ్ బెర్నార్డ్ షా. ఇబ్సెన్‌ను మూలంలో చదవడానికి ఆమె నార్వే భాష నేర్చుకుంది, 'ది లేడీ ఫ్రమ్ ది సీ'ని అనువదించింది. 1889లో జానెట్ ఆచర్చ్ నోరాగా లండన్ రంగస్థలం మీదికి వచ్చాక ఇంగ్లండులో వాదం ఇళ్లలోకి పాకింది.

విజయనగరం వైపు

ఈ కాలంలోనే, 1892లో, విజయనగరంలో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' ప్రదర్శించారు. 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకమన్నంతగా మారి మళ్లీ వచ్చింది. ఇబ్సెన్‌కూ గురజాడకూ ముడి వేయాలని నా ఉద్దేశం కాదు. రెండు సమాజాలు వేరు, రెండు సమస్యలు వేరు. అయినా ఇద్దరూ పెళ్లిని లెక్కల పుస్తకంలోంచే చూశారు. తన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఒక జాబితా ప్రస్తావించారు. విజయనగరం మహారాజావారి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల వివరాలు సేకరిస్తే మూడేళ్లలో లెక్కకు వచ్చినవి 1034. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు.

'కన్యాశుల్కం' నడిచేదంతా సుబ్బి అనే చిన్నపిల్ల పెళ్లి చుట్టూ. ఆ పిల్లకు ఆ పెళ్లిలో మాటే లేదు. బేరం తండ్రిది, డబ్బు వరుడిది, కమీషను పెళ్లిళ్ల పేరయ్యలది. ఆపడానికి తల్లి వెంకమ్మకున్న ఆయుధం నూతిలో దూకడమొకటే. సొంత ఇల్లు, సొంత సంపాదన, సొంత నిర్ణయం ఉన్న స్త్రీ వేశ్య మధురవాణి. ఆ కథను ఒక దారికి తెచ్చింది కూడా ఆమే. అది యాదృచ్ఛికం కాదు. చివరికి సుబ్బి అక్క, వితంతువైన బుచ్చమ్మను గురజాడ గిరీశానికి ఇచ్చి పెళ్లి చేయలేదు. వకీలు సౌజన్యారావు పంతులు ఆమెను పూనా వితంతు శరణాలయానికి, చదువుకోవడానికి పంపారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం జరిపించిన ధైర్యానికి ఇది తర్వాతి మెట్టు. ముందు చదువు, కాళ్ల మీద నిలబడడం, ఆ తర్వాతే పెళ్లి సంగతి. నోరా వెతుక్కుంటూ వెళ్లిందీ దాన్నే.

వెళ్లిన తర్వాత

1923 డిసెంబరులో చైనా రచయిత లూ షున్ పెకింగ్‌లో విద్యార్థినుల ముందు, ఇల్లు వదిలాక నోరా ఏమైందన్న ప్రశ్న మీద ఉపన్యాసమిచ్చాడు. చేతిలో డబ్బు లేని నోరాకు మిగిలేవి రెండే దారులన్నాడు. చెడిపోవాలి, లేదా తిరిగి రావాలి. స్వేచ్ఛను డబ్బుతో కొనలేం గాని, డబ్బు లేకపోతే స్వేచ్ఛను అమ్ముకోవలసి వస్తుందని విద్యార్థినులకు సూటిగా చెప్పాడు. నోరాను పూజించకుండా, నిందించకుండా, ఆమె సంచిలో ఏముందని అడిగిన మనిషి ఆయన. నాటకాన్ని ఇలా చదవాలని నేను నమ్ముతాను.

మన దగ్గరా దారి పొడవునా అదే పోరు. 1937 చట్టం హిందూ వితంతువుకు భర్త ఆస్తిలో జీవితకాలపు హక్కు ఇచ్చింది. 1956 వారసత్వ చట్టం కూతురిని తండ్రి ఆస్తికి వారసురాలిని చేసింది, ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం ఇవ్వలేదు. దాన్ని అప్పటికి పెళ్లికాని కూతుళ్లకిస్తూ 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. దేశమంతటికీ, పెళ్లైన కూతుళ్లకు కూడా, ఆ హక్కు వచ్చింది 2005లో. ఆ ఆంధ్రప్రదేశ్ చట్టం ఎక్కడ గీత గీసిందో గమనించండి. పెళ్లి దగ్గర. పెళ్లైతే హక్కు పోతుందన్న నార్వే పాత సూత్రం ఇక్కడ మరో రూపంలో వందేళ్ల తర్వాత కూడా బతికే ఉండింది.

ఇప్పుడు చట్టం పుస్తకంలో హక్కు ఉంది. సంతకం మాటేమిటి? పసుపు కుంకుమ కింద ఇచ్చామని, అన్నదమ్ములతో పొత్తు చెడుతుందని, ఎంతమంది ఆడపిల్లల చేత హక్కు వదులుకున్నట్టు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టిస్తున్నారో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగం చేస్తూ జీతం ఏటీఎం కార్డు భర్తకో అత్తగారికో అప్పగించిన అమ్మాయిలను మీరెరుగుదురు, నేనూ ఎరుగుదును. నోరా సంతకం చేసే హక్కు లేక దొంగసంతకం చేసింది. మన పిల్లలకు సంతకం చేసే హక్కు ఉండి, అది తమను తాము పోగొట్టుకోవడానికి వాడవలసి వస్తోంది. చట్టం ఒకచోట మారింది, ఇల్లు ఇంకొకచోట ఆగింది.

అందుకే ఈ నాటకాన్ని ఆడేవారికి, చెప్పేవారికి నా విన్నపం ఒకటుంది. చివరి తలుపు మీద వేసే వెలుగులో కొంత మొదటి అంకంలోని ఆ ప్రోనోటు మీద, ఆ తాళం వేసిన ఉత్తరాల పెట్టె మీద వేయండి. తరగతిలో నోరా వెళ్లడం ఒప్పా తప్పా అని చర్చ పెట్టేముందు, ఆమె 4800 క్రౌన్ల అప్పు ఎలా తీరుస్తూ వచ్చిందో పిల్లల చేత లెక్క కట్టించండి. ఆ లెక్క కట్టిన అమ్మాయి రేపు తన ముందుకు ఏ కాగితం వచ్చినా చదవకుండా సంతకం చేయదు. ఆ లెక్క కట్టిన అబ్బాయి తన ఇంట్లో తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో చూసుకుంటాడు. ఎవరి స్మృతిలో ఈ రోజు మనం కలిశామో ఆ టీచరుగారు కోరింది ఇదే. నాటకం చదివాక మన ఇళ్ల లెక్కలు మనమే చూసుకోవాలి, తేడా ఉంటే మనమే సరిచేయాలి.